ఇల్లు కొనే ముందు గోడ తట్టి చూడండి



ఎండాకాలంలో మధ్యాహ్నం పన్నెండున్నర నుండి మూడు దాకా ఇక్కడ ఎండలో పని బంద్ ఉంటుంది కదా, జూన్ 15 నుండి సెప్టెంబర్ 15 వరకు. మన వాళ్ళ సగం సంసారాలు ఆ రెండున్నర గంటల్లోనే ఫోన్లో నడుస్తాయి. మొన్న రెస్టు షెడ్డులో కూర్చుంటే షట్టరింగ్ పని చేసే ఒక తమ్ముడు ఫోను పట్టుకొని నా పక్కకు వచ్చాడు. "అన్నా, ఊర్లె ఇల్లు కొంటున్న. వీడియో వచ్చింది, జర చూడు" అన్నాడు. జగిత్యాల దిక్కు ఊరు. మూడు అర్రలు, ముందర వరండా, పైన స్లాబు. తొమ్మిదిన్నర లక్షలు. సోమవారం నాడు లక్ష రూపాయల బయానా ఇవ్వాలి.

వీడియోలో ముందు గోడకు పచ్చరంగు మెరుస్తున్నది. దేవుని అర్ర, తులసికోట, కొత్తగా వేసిన గేటు, అన్నీ చూపించారు. వెనకకు తిప్పినప్పుడు "ఆపు తమ్మీ" అన్నాను. వెనక గోడకు కింద రెండు ఫీట్ల ఎత్తు వరకు కొత్త ప్లాస్టరు పట్టీ ఉన్నది. మిగతా గోడ పాతది, ఆ పట్టీ ఒక్కటే కొత్తది. కిటికీ మీది సజ్జ కింద బెల్లం పాకం కారినట్టు గోధుమరంగు గీత ఒకటి ఉన్నది. "ఈ ఇల్లు ఎవరు చూసిండ్రు?" అని అడిగాను. "మా బామ్మర్ది చూసిండు. వాస్తు అయ్యగారిని కూడ తీస్కపోయిండ్రు, ఆయన మంచిగున్నది అన్నడు." వాస్తుకు మనిషి పోయాడు, గోడకు మాత్రం ఎవరూ పోలేదు. ఈసారి సంపాదకీయం దీని మీదనే రాయాలని అప్పుడే అనుకున్నాను.

ఒక్కసారి ఆలోచించండి. మనం ఇక్కడ ఎవరికోసం కడుతున్నామో వాళ్ళు ఇల్లు ఎట్లా తీసుకుంటారు? తాళాలు చేతికి రాకముందే స్నాగింగ్ మనిషిని పెట్టుకుంటారు. అతను వచ్చి ఒక్కొక్క టైల్‌ను తట్టి బోలు చప్పుడు వింటాడు, నల్లాలన్నీ తిప్పుతాడు, తలుపు మూలకు లెవల్ పెడతాడు, గోడ మీద స్టిక్కర్లు అంటించి పోతాడు. ఆ స్టిక్కర్లు చూసి మనల్ని తిట్టుకుంటూ మళ్ళీ పని చేయిస్తారు. కాంక్రీటు పోసిన రోజు క్యూబులు తీసి 7 రోజులకు ఒకసారి, 28 రోజులకు ఒకసారి పగలగొట్టి చూస్తారు. అంత కొత్త బిల్డింగుకే అంత అనుమానం. మరి మనం ముప్పై ఏండ్ల పాత ఇంటిని, మన అమ్మానాన్న, పెండ్లాం పిల్లలు పడుకునే ఇంటిని నాలుగు నిమిషాల వీడియో చూసి కొంటున్నాం.

ఈ తప్పు నేను కూడా చేశాను, అందుకే గట్టిగా చెప్తున్నాను. 2015లో సెలవు మీద పోయినప్పుడు మా ఊర్లో ఒక పాత భవంతి ఇంట్లో సగభాగం అమ్మకానికి వచ్చింది. మట్టిగోడలు, పైన గూనపెంకులు, టేకు దూలాలు, చెక్కిన మొగురాలు. నాలుగు లక్షల ఇరవై వేలు. అప్పటికే నేను ఇక్కడ ఫోర్‌మన్‌ను. ఒకరోజు పోయి రెండు గంటలు చూసి వచ్చాను. దూలాలకు కొత్తగా నూనె రంగు కొట్టి ఉన్నది. స్క్రూడ్రైవర్ తీసి గుచ్చి చూద్దామని నా చేయి గుంజింది, కానీ గుచ్చలేదు. అమ్మే ఆయన మాకు వరసకు పెద్దనాన్న అవుతాడు. పెద్దమనిషి ముందర అట్లా చేస్తే అనుమానించినట్టు అవుతుందని సిగ్గుపడ్డాను. మరుసటి ఏడు వానలకు ఒక రాత్రి నడిమి దూలం ఒక కొస విరిగి కిందికి వచ్చింది. ఆ దూలం కిందనే మా అమ్మ మంచం ఉండేది. అంతకు గంట ముందు పెంకుల సందు నుండి నీళ్ళు మీద పడుతున్నాయని లేచి మంచం పక్కకు గుంజుకున్నది. ఇల్లు ఉరవడం వల్ల మా అమ్మ బతికింది.

తర్వాత తెలిసింది, దూలం గోడలోకి పోయిన కొస లోపల అంతా చెదలు తిని ఉత్త పొట్టు మిగిలిందని. బయటికి కనిపించే కట్టె మాత్రం చెక్కుచెదరలేదు. రిపేరుకు మూడు లక్షల పైన అయింది. దానికోసం నేను ఇంకో రెండేళ్ళు ఇక్కడ ఉండవలసి వచ్చింది.

ఇప్పుడు మన ఊర్లలో అమ్మకానికి వచ్చే పాత ఇండ్లు రెండు రకాలు. ఒకటి మట్టిగోడల పెంకుటిల్లు. రెండోది, మనకంటే ముందు గల్ఫుకు వచ్చిన పెద్దలు 1980లలో, 90లలో కట్టుకున్న స్లాబు ఇల్లు. ఆ పెద్దల పిల్లలు హైదరాబాదులోనో ఇంకెక్కడో స్థిరపడి ఊర్లో ఇల్లు అమ్ముతున్నారు, దాన్ని మళ్ళీ గల్ఫులో ఉన్న తమ్ముడే కొంటున్నాడు. మన వాళ్ళు మట్టిల్లు అంటే భయపడతారు, స్లాబు అంటే నిశ్చింతగా ఉంటారు. నా అనుభవంలో చాలాసార్లు ఇది తలకిందులు. రెండు ఫీట్ల మందం మట్టిగోడ పొడిగా ఉంటే తాతల కాలం నుండి నిలబడి ఉంటుంది, ఎండాకాలం చల్లగా కూడా ఉంటుంది. అట్లాంటి ఇంటిని చెడగొట్టేది నీళ్ళు, ఎలుకలు, చెదలు. ఇంకొకటి, మట్టిగోడ మీద కొట్టిన సిమెంటు ప్లాస్టరు. గోడలో చెమ్మ బయటికి పోయే దారి లేక లోపలనే ఉండిపోయి కింది భాగం మెత్తబడుతుంది. పైన సిమెంటు మాత్రం గుడ్డు పెంకు లెక్క గట్టిగా కనిపిస్తుంది. అందుకే గోడ కింది మూడు ఫీట్లు చిన్న సుత్తెతో తట్టుకుంటూ పోవాలి. టంగుమంటే అతికి ఉన్నట్టు, డొల్ల చప్పుడు వస్తే సిమెంటుకూ మట్టికీ మధ్య సందు పడ్డట్టు. తమ్ముడి వీడియోలో కనిపించిన రెండు ఫీట్ల కొత్త పట్టీ కూడా అట్లాంటిదే, కింద గోడ తినేస్తే దాచడానికి కొట్టింది అయి ఉండవచ్చు. కాకపోవచ్చు కూడా. తట్టి చూడకుండా ఎవరూ చెప్పలేరు.

గోడ ఒరిగిందా లేదా చూడటానికి పెద్ద మిషన్లు అవసరం లేదు. సుతారి మేస్త్రీ దగ్గర ఉండే తూకం గుండు చాలు. గోడ పైన ఒక చెక్క ముక్క పెట్టి దాని నుండి దారం వేలాడదీసి, పైన ఎంత దూరం ఉన్నది, కింద ఎంత దూరం ఉన్నది కొలవాలి. రెండూ ఒక్కటే ఉండాలి. తేడా ఉంటే ఎక్కడ, ఎంత అని రాసుకోవాలి. గోడ నడిమిట్ల పొట్ట వచ్చిందా అనేది కూడా ఆ దారమే చెప్తుంది.

నెర్రెలు చూసి భయపడాల్సినవి వేరు, వదిలేయాల్సినవి వేరు. ప్లాస్టరు మీద వెంట్రుక మందం గీతలు సాలెగూడు లెక్క ఉంటే అది పై పూతకు సంబంధించినది. కిటికీ మూల నుండి ఏటవాలుగా మెట్లు మెట్లుగా పోయే నెర్రె, గోడకు ఇటు దిక్కూ అటు దిక్కూ అదే చోట కనిపించే నెర్రె, పైసా బిళ్ళ దూరేంత వెడల్పుది, ఇవి పునాది కదిలిందని చెప్తాయి. మన దిక్కు నల్లరేగడి నేల ఉన్న ఊర్లలో ఇది ఎక్కువ. ఆ మట్టి వానకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. పునాది లోతు లేకపోతే ఏటా ఇల్లు కొంచెం లేస్తుంది, కొంచెం దిగుతుంది. ఎండాకాలంలో చూస్తే వెడల్పుగా ఉన్న నెర్రె వానాకాలంలో మూసుకొని కనిపించవచ్చు. అందుకే నెర్రె మీద అడ్డంగా చిన్న అద్దం ముక్కను సిమెంటుతో అతికించి తారీకు రాస్తారు. అద్దం పగిలితే గోడ ఇంకా కదులుతున్నట్టు. ఒక వానాకాలం ఆగగలిగితే అంతకన్నా మంచి పరీక్ష లేదు.

పునాది ఎవరూ చూడరు, ఎందుకంటే అది కనిపించదు. గోడ పక్కన రెండు చోట్ల గుంత తవ్విస్తే చాలు, పునాది ఎంత లోతు ఉన్నది, రాయి కట్టడమా మట్టి కట్టడమా, కింద ఏ మట్టి ఉన్నది, తెలిసిపోతుంది. ఇద్దరు కూలీలకు ఒక పూట పని. తవ్వేటప్పుడు గోడ పొడుగునా తవ్వనివ్వొద్దు, ఒక్కొక్క గుంత చిన్నగా తవ్వి, చూసి, అప్పుడే గట్టిగా పూడ్చి ఇంకోటి తవ్వాలి. నానిన మట్టిగోడ పక్కన అయితే ఇంజనీరు దగ్గర లేనిది పార ముట్టనివ్వొద్దు.

ఇక స్లాబు. 1990ల నాటి పని ఎట్లుండేదో మనలో పెద్దవాళ్ళకు తెలుసు. చేత్తో కలిపిన కాంక్రీటు, వైబ్రేటర్ లేదు, సలాకల కింద కవర్ బ్లాకులు లేవు, ఉంటే కంకర ముక్క. నీళ్ళు ఎక్కువ పోస్తే తొందరగా జారుతుందని పోసేవాళ్ళు. క్యూరింగ్ ఎన్ని రోజులు చేశారో ఆ ఇంటివాళ్ళకే ఎరుక. అట్లాంటి స్లాబులో సలాక అడుగుకు ఆనుకొని ఉంటుంది. చెమ్మ తగిలితే తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి కింది కాంక్రీటును పెచ్చులుగా తోసేస్తుంది. మొదట గోధుమరంగు గీత, తర్వాత సలాక వెంబడి సన్నటి నెర్రె, తర్వాత డొల్ల చప్పుడు, ఆ తర్వాత పెచ్చు ఊడి మీద పడటం. తమ్ముడి వీడియోలో సజ్జ కింది గీత ఆ మొదటి మెట్టు కావచ్చు. పీవోపీ సీలింగు వేసి ఉన్న పాత స్లాబు అయితే ఇంకా జాగ్రత్త, ఒక పలక తీసి పైకి టార్చి కొట్టి చూడాలి.

కొందరు ఇంజనీర్లు రీబౌండ్ హ్యామర్ అనే పరికరం తెస్తారు. కాంక్రీటు మీద కొడితే ఒక నంబరు వస్తుంది. ఆ నంబరు ఒక్కటే చూసి సంబరపడొద్దు. పాత కాంక్రీటు పైపొర గాలికి గట్టిపడి నంబరు ఎక్కువ చూపించవచ్చు, లోపల సలాక తుప్పు గురించి అది ఏమీ చెప్పదు. ఎక్కడైనా ఒకచోట సలాక తెరిచి కళ్ళారా చూడాలి.

ఇంకో మాట తప్పకుండా అడగాలి. మన వాళ్ళలో పది మందిలో తొమ్మిది మంది మనసులో ఏముంటుంది? "ఇప్పటికి ఇది కొందాం, రెండేండ్లకు పైన ఇంకో అంతస్తు వేద్దాం." పిల్లర్లు లేని ఇల్లు, ఇటుక గోడ మీదనే స్లాబు కూర్చున్న ఇల్లు ఒక్క అంతస్తు లెక్కతో కట్టింది. దాని మీద వెయ్యి లీటర్ల ట్యాంకు పెడితేనే ఒక టన్ను బరువు. పైన కట్టవచ్చా లేదా అనేది రిపోర్టులో రాతపూర్వకంగా రాయించుకోండి. కట్టొద్దు అంటే, ఆ ఇంటికి మీ మనసులో ఉన్న ధర అప్పుడే మారిపోతుంది.

ఇంటి బయట కూడా కొన్ని ఉన్నాయి. ఊర్లో సీసీ రోడ్డు మీద సీసీ రోడ్డు వేసి వేసి చాలా ఇండ్ల కడపలు రోడ్డు కంటే కిందికి పోయాయి. వాన పడితే వాడకట్టు నీళ్ళన్నీ వరండాలోకే. 2023 జూలైలో భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి వాగు నీళ్ళల్లో మునిగింది అందరం ఫోన్లలో చూశాం. వాగు పక్క ఊరైతే నీళ్ళు ఎక్కడి దాకా వచ్చాయని అమ్మేవాళ్ళను కాదు, ఎదురింటి ముసలమ్మను అడగాలి. గోడకు ఆనుకొని మరుగుదొడ్డి గుంత ఉన్నదా, పక్కింటి మోరీ నీళ్ళు ఎటు పోతున్నాయి, ఇవి కూడా. అన్నదమ్ములు పంచుకున్న ఇల్లయితే నడిమి గోడ ఎవరిదో కాగితంలో ఉండాలి. ఇవతలి సగం మీరు కొన్న తర్వాత అవతలి సగం వాళ్ళు కూలగొట్టుకుంటే మీ దూలాలు దేని మీద కూర్చుంటాయి?

కరెంటు గురించి క్లుప్తంగా: పాత వైరింగు, ఎర్తింగు లేదు, గోడ చెమ్మ, దానికి కట్టిన ఇనుప తీగ దండెం. బట్టలు ఆరేస్తూ ఆడవాళ్ళు షాక్ కొట్టి చనిపోయిన వార్తలు ప్రతి వానాకాలం చదువుతున్నాం. ఇల్లు కొన్న మొదటి రోజే ఆ తీగ తీసేసి ప్లాస్టిక్ తాడు కట్టండి. సిమెంటు రేకుల షెడ్డు ఉంటే దాన్ని పొడిగా పగలగొట్టొద్దు, పాత రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చెడ్డది. నీళ్ళు చల్లి, ముక్కలు చేయకుండా విప్పాలి.

మరి చూసేది ఎవరు? బామ్మర్ది కాదు. బ్రోకరు తెచ్చిన మనిషి అసలే కాదు. రిపేరు కాంట్రాక్టు తనకే వస్తుందని ఆశపడే మేస్త్రీ కూడా కాదు, ఆయన లేని రోగం కూడా చెప్తాడు. జిల్లా కేంద్రంలో సివిల్ ఇంజనీర్లు ఉన్నారు. వాళ్ళలో ఉత్త ప్లాన్లు గీసేవాళ్ళు ఎక్కువ, కాబట్టి "పాత ఇండ్లు చూసి రిపోర్టు రాసిన అనుభవం ఉన్నదా, ఒక పాత రిపోర్టు చూపించండి" అని అడగండి. దగ్గరలో ఇంజనీరింగ్ కాలేజీ, పాలిటెక్నిక్ ఉంటే సివిల్ సార్లను అడిగి చూడవచ్చు. ఆయన ఇంట్లో ఉన్నంతసేపు మీరు వీడియో కాల్‌లో ఉండండి, మన సెలవు రోజు పెట్టుకుంటే కలిసొస్తుంది. నోటి మాట వద్దు. ఫోటోలు, కొలతలు, ఏది వెంటనే చేయాలి, ఏది ఆగవచ్చు, అంచనా ఖర్చు ఎంత, కింద సంతకం, తారీకు. 2021లో మా చిన్నాయన కొడుకు ఇల్లు కొన్నప్పుడు ఇట్లా చేయించాం. ఇంజనీరుకు 8,000, గుంతలు తవ్విన వాళ్ళకు 1,200 అయింది. రిపోర్టులో రెండు దూలాలు మార్చాలి, వెనక గోడకు కింద రాయి పొదగాలి అని వచ్చింది. ఆ కాగితం ముందర పెడితే అమ్మేవాళ్ళు 60,000 తగ్గించారు. అందరూ తగ్గించరు, అది కూడా చెప్పాలి.

నాకు ఎదురయ్యే మాట ఒకటున్నది. "అన్నా, ఊర్లె ఇంజనీరును తీస్కపోతే నవ్వుతరు. అమ్మేటోళ్ళు నారాజైతరు. ఇంకో పార్టీ వచ్చి ఎగరేస్కపోతది." నవ్వనివ్వండి. నారాజు సంగతి అంటారా, ముందే చెప్పాలి, "ఇల్లు నచ్చింది, ఒకసారి చూపించుకొని బయానా ఇస్తా" అని. ఇంట్లో లోపం లేని మనిషి దానికి ఒప్పుకుంటాడు. రెండు గుంతలు తవ్వనివ్వను, దూలం ముట్టనివ్వను అన్నాడంటే అది కూడా ఒక రిపోర్టే. బయానా ముందే ఇవ్వక తప్పకపోతే చిన్న మొత్తం ఇవ్వండి, ఇల్లు పరీక్షలో బాగా లేకపోతే ఇన్ని రోజుల్లో వాపసు ఇస్తానని కాగితం మీద రాయించి సాక్షుల సంతకాలు తీసుకోండి.

ధర గురించి నా సలహా ఒకటే. అమ్మేవాళ్ళను రెండు ధరలు అడగండి, జాగ ఎంత, ఇల్లు ఎంత. కలిపి చెప్పే తొమ్మిదిన్నర లక్షల్లో మనకు ఏదీ తెలియదు. ఆ వాడలో ఖాళీ జాగ గజం ఎంత పలుకుతున్నదో కనుక్కొని లెక్క వేస్తే, ఇంటికి మనం పెడుతున్నది ఎంతో బయటపడుతుంది. రిపోర్టు చెడ్డగా వస్తే జాగ ధరకు అడగండి, కూలగొట్టే ఖర్చు కూడా తీసేసి అడగండి. కొన్నిసార్లు అదే మంచి బేరం. పాత టేకు, పాత రాయి పనికొస్తాయి.

కాగితాల సంగతి ఇందులో రాయలేదు. గ్రామకంఠం జాగాలు, ఇంటి పన్ను రశీదు ఉన్నంత మాత్రాన హక్కు రాదనే విషయం, ఇక్కడి నుండి పవర్ ఆఫ్ అటార్నీ పంపడం, ఇవన్నీ వచ్చే బులెటిన్‌లో తెలిసినవాళ్ళతో రాయిస్తాం.

తమ్ముడు సోమవారం బయానా ఇవ్వలేదు. రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు కూడా, ఇంటి దగ్గర భార్యకు ఆ ఇల్లు బాగా నచ్చింది. తర్వాత బామ్మర్దే ఫోన్ చేసి ఇంజనీరును మాట్లాడానని చెప్పాడట, వచ్చే శుక్రవారం పొద్దున తొమ్మిదికి. అమ్మే ఆయన గుంతలకు ఒప్పుకున్నాడు, సజ్జ కింద సలాక తెరవడానికి ఇంకా ఒప్పుకోలేదు. ఆ రోజు వీడియో కాల్‌లో నేను కూడా ఉంటాను.

మీలో ఎవరైనా ఇల్లు చూస్తూ ఉంటే ఫోటోలు గ్రూపుకు పంపండి. ముందు గోడ వద్దు. నాలుగు మూలల్లో గోడ అడుగు భాగం, దూలాలు గోడలోకి పోయే కొసలు, స్లాబు కింద, సజ్జల కింద, కిటికీ మూలలు, రోడ్డుకూ కడపకూ మధ్య ఎత్తు కనిపించేటట్టు ఒకటి. ప్రతి ఫోటోలో పక్కన టేపు గానీ ఒక పెన్ను గానీ పెట్టి తీయమనండి, లేకపోతే నెర్రె వెడల్పు తెలియదు. రాత్రి ఎనిమిది తర్వాత నేను చూసి జవాబు పెడతాను. అది ఇంజనీరుకు బదులు కాదు, ఆయన్ను ఏం అడగాలో మీకు చెప్పడానికే.